ఎనిమిది సాంచాల లెక్క

రిటైరైన పోలీసులు పాత కేసు చెప్పేటప్పుడు దూరాలు పెరుగుతాయి, గంటలు తగ్గుతాయి. నాలుగేళ్లుగా కరీంనగర్‌లో ఒక హోటలు ముందు బెంచీ మీద కూర్చుని నేను గమనించిన సంగతి ఇది. పొద్దున ఆరున్నరకు గ్రౌండులో మూడు చుట్లు నడుస్తాం. చుట్టు నాలుగు వందల ఇరవై మీటర్లు. నేనే టేపు పట్టి కొలిచాను. తర్వాత చాయ్.

బెంచీ మీద నాతో కూర్చునేవాళ్లు ఇద్దరు. ఒకాయన సర్కిల్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాడు. కరీంనగర్‌లోనే పుట్టి పెరిగిన మనిషి, ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. ఆయన్ని సీఐ సాబ్ అంటాం. రెండో ఆయన హెడ్ కానిస్టేబుల్‌గా దిగిపోయాడు. ఆదిలాబాద్ వైపు మనిషి, మాటలో మరాఠీ కలుస్తుంది, కనబడ్డ ప్రతివాణ్నీ ‘భావు’ అంటాడు. మేం ఆయన్ని దాదా అంటాం. నా పని ఇల్లు కట్టుకునేవాళ్లకు ఇటుక ఎంత, సిమెంటు ఎంత, ఇనుము ఎంత పడుతుందో ముందే లెక్కగట్టి ఇవ్వడం. నా బడి చదువు ఏడో తరగతితో ఆగింది. లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. నేను ఇచ్చిన లెక్కకు వంద ఇటుకలు అటూ ఇటూ అయిన ఇల్లు ఇప్పటికి రెండే రెండు.

దాదా కథ చెప్పడం మొదలుపెడితే నేను వేళ్ల మీద లెక్క పెడుతుంటానని ఆయనకు తెలుసు. ఒకసారి చెన్నూరు దగ్గర గోదావరి ఇసుకలో బర్రెల దొంగ వెంట పడ్డ సంగతి చెప్పాడు. పది కిలోమీటర్లు అరగంటలో ఉరికానన్నాడు.

“గంత ఉరికితె నీకు పోలీసు నౌకరి దేనికి దాదా? దేశం తరఫున పంపుతుండె గద” అన్నాను.

“ఇసుకకు జర మైనస్ చెయ్యి లెక్కల భాయ్” అన్నాడు సీఐ సాబ్.

దాదా ఆలోచించి ఆరు కిలోమీటర్లకు దిగాడు. గంటకు ఒప్పుకున్నాడు. దొంగ దొరికిన మాట మాత్రం నిజమేనన్నాడు. దాన్ని నేను కాదనలేదు.

మొన్న చలికాలం చివర ఒక పొద్దున, పట్టుకున్న దొంగల కథలు చాలించి దొరకని సొమ్ము కథ ఒకటి చెప్పమని సీఐ సాబ్ అడిగాడు. దాదా చాయ్ గ్లాసు కింద పెట్టి, ఒక నేత ఊరిలో తాను పనిచేసిన రోజులకు వెళ్లాడు. సాంచాల కార్ఖానా వెనక ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలమ్మ. సాంచా అంటే మా వైపు మరమగ్గం. ఆమె పొద్దున రేషన్ షాపుకు పోయి మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి సందుక పెట్టె తెరిచి ఉంది, మెడలో వేసుకునే బంగారు గుండ్లపేరు లేదు, వెండి కడియాలు లేవు. కార్ఖానాలో నాలుగు సాంచాలు నడిపేవాడు రోజూ ఆమె బావిలో నీళ్లు చేదుకునేవాడు. వాడి మీదికి పోయింది కేసు.

“కోర్టు ఇడిచిపెట్టింది గని భావు, అసలోడు వాడే. సొమ్ము దొరకలే, అంతే. గా కార్ఖానల బట్ట కొలిచే పోరడొకడు ఉంటుండెనట. ఎన్ని మీటర్లు నేసిండు, ఎన్ని గంటలు సాంచాలు ఆగినయి, కాయితం మీద ఏసి చూపెట్టిండట. మా ఎస్సై ఎన్నేండ్లు చెప్పుకున్నడో గా సంగతి.”

ఆ పోరణ్ని నేనే అన్నాను.

దాదా నన్ను కొత్తగా చూశాడు. సీఐ సాబ్ నవ్వి, ఇన్నాళ్లూ మా కేసుల్లో తప్పులు పడుతూ నీ కేసు దాచుకున్నావా అన్నాడు. నేను దాచుకోలేదు. నిజం చెప్పాలంటే ఆ కథను నేనే చాలా చోట్ల చెప్పుకున్నాను. ఇరవై రెండేళ్ల వయసులో, ఏడో తరగతి చదివినవాడు, ఎస్సై ముందు నిలబడి లెక్క చెప్పడం నా జీవితంలో మొదటి పెద్ద పని. ఇల్లు కట్టుకునేవాళ్లు నన్ను నమ్మడం మొదలుపెట్టింది కూడా ఆ కథ విన్న తర్వాతే.

కేసు తేలడానికి రెండేళ్లు పట్టింది. మూడు నెలలు జైల్లో ఉండి వచ్చాడు ఆ సాంచాల మనిషి. కోర్టు వదిలేసినా ఊరు వదల్లేదు. ఏ సేటూ సాంచా ఇవ్వలేదు. మహారాష్ట్రలో భివండికి పోయి పదిహేనేళ్లు సాంచాలు నడిపి, కళ్లు మందగించి వెనక్కి వచ్చాడు. అప్పటినుంచి ఇంట్లో కూర్చుని సాంచాలకు దారం కండెలు చుడుతున్నాడు. ఇప్పుడు ఊళ్లో మార్కండేయ గుడి పక్కన కొత్తగా కట్టిన ఫంక్షన్ హాలుకు కాపలా మనిషి కావాలన్నారు. ఉండడానికి ఒక గది ఇస్తారు. భార్య పోయాక అద్దె ఇంట్లో నెట్టుకొస్తున్న అతను తనకు ఇమ్మని అడిగాడు. గుడి కమిటీలో కొందరు సరేనన్నారు, కొందరు దొంగతనం కేసు ఉన్నవాడి చేతికి తాళాలెట్లా ఇస్తాం అన్నారు. వచ్చే ఆదివారం తేల్చాలి.

ఇదంతా నాకెలా తెలుసంటే, మూడు రోజుల కింద కమిటీ మనిషి ఒకాయన నాకే ఫోను చేశాడు. నువ్వు ఆనాడు లెక్క చెప్పినవాడివి, నీ మాట ఏమిటి అని అడిగాడు. నేను ఒకటే మాట అన్నాను: “నా లెక్క తప్పు పోలే.”

ఇది కూడా బెంచీ మీద చెప్పాను. సీఐ సాబ్ నవ్వడం ఆపి, ఆ లెక్క ఏమిటో చెప్పమన్నాడు.

చెప్పాను. ఆ రోజుల్లో కరెంటు వేళకు వచ్చి వేళకు పోయేది. ఆ రోజు పొద్దున ఎనిమిదికి వచ్చింది, రెండింటికి పోయింది. ఆరు గంటలు. దారం తెగడం, కండె మార్చడం అన్నీ పోగా సాంచా గంటకు మూడు మీటర్లు నేస్తుంది. అంటే ఒక సాంచాకు పద్దెనిమిది మీటర్లు, నాలుగు సాంచాలకు డెబ్బై రెండు. అతని నాలుగింటి మీద ఆ రోజు నేసిన బట్ట నలభై రెండు మీటర్లే. సాంచాకు పదిన్నర చొప్పున. పదిన్నరను మూడుతో భాగిస్తే మూడున్నర గంటలు. ఆరులో మూడున్నర పోతే రెండున్నర. రెండున్నర గంటలు అతని సాంచాలు నిలబడి ఉన్నాయి. ముసలమ్మ ఇల్లు కార్ఖానా గోడకు అవతల పన్నెండు అడుగుల దూరం.

“వాడేమన్నడు అప్పుడు?” సీఐ సాబ్ అడిగాడు.

పక్కవాడు తన నాలుగు సాంచాలు నాకు అప్పజెప్పి బయటికి పోయాడు, అవి నడుపుతున్నాను, అందుకే నావి ఆపాను అన్నాడతను. అది మా కార్ఖానాల్లో ఉన్న పద్ధతే. అప్పజెప్పినవాడి సాంచా ఆగకూడదు, ఆపవలసి వస్తే మనదే ఆపాలి. ఆ మర్యాద తప్పినవాణ్ని రెండోసారి ఎవరూ పక్కన నిలబెట్టుకోరు. కాని పక్కవాణ్ని ఎస్సై అడిగితే, నేను పొద్దటినుంచి గుమ్మం దాటలేదు అన్నాడు. పక్కవాడి సాంచాల మీద బట్ట కూడా నిండుగానే ఉంది. దాంతో అతని మాట కొట్టుకుపోయింది.

“పక్కోడు ఎట్లుంటుండె?” అన్నాడు దాదా.

సన్నగా ఉండేవాడు, ఎడమ చేతికి ఆరు వేళ్లు అన్నాను.

దాదా చాయ్ గ్లాసు పక్కకు జరిపాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. ఆ రోజు ఆయన ఊరి బయట పాడుబడ్డ గోదాములో పేక పత్తాలాడుతున్న ఏడుగురిని పట్టుకుని స్టేషనుకు తెచ్చాడు. పత్తాలు పంచుతున్నవాడి చేతికి ఆరు వేళ్లు. వాణ్ని ఆ వేలి మీద అందరూ ఆటపట్టించారు, అందుకే గుర్తుంది.

“పన్నెండు కొట్టకముందే తెచ్చి కూసోబెట్టిన. రెండు దాటినంక గా ముసలమ్మ ఏడ్సుకుంట స్టేషన్‌కు వచ్చింది. ఎస్సై జీపెక్కిండు. ఇగ వీళ్లతోని ఏం పని అని పొండ్రి అన్న. రిజిస్టర్ల రాయలే భావు. నాలుగు తిట్లు తిట్టి ఇడుస్తుంటిమి అప్పుడు.”

మరి ఆ ముక్క ఎస్సైకి ఎందుకు చెప్పలేదని సీఐ సాబ్ నిలదీశాడు. దాదా మర్నాడు పొద్దున్నే బాసరకు బందోబస్తు డ్యూటీ మీద పోయాడు. తిరిగి వచ్చేసరికి మనిషి రిమాండులో ఉన్నాడు. పత్తాలాడినవాడే ఆ కార్ఖానాలో సాక్ష్యం చెప్పినవాడని దాదాకు ఎవరూ చెప్పలేదు, దాదా అడగలేదు. ఆరు వేళ్లవాడు స్టేషను నుంచి నేరుగా కార్ఖానాకు పోయి, ఎస్సై అక్కడికి వచ్చేసరికి తన సాంచాల ముందు నిలబడి ఉండాలి. పని వేళ పత్తాలాడాడని తెలిస్తే సేటు ఆ సాయంత్రమే సాంచాలు లాగేసుకునేవాడు. దానికి భయపడ్డాడు.

నేను కాగితం అడగలేదు. ఆ లెక్కకు కాగితం అక్కర్లేదు. కరెంటు పోయిన రెండు నుంచి వెనక్కి రెండున్నర గంటలంటే పదకొండున్నర, దాదా చెప్పిన వేళకు సరిపోయింది. ఆ రెండున్నర గంటలు ఆరు వేళ్లవాడు గోదాములో, స్టేషనులో ఉంటే, వాడి నాలుగు సాంచాలు వాటంతట అవి నేయవు. ఒక్కో సాంచాకు నాలుగు నిమిషాలకొకసారి కండె మార్చాలి. నాలుగింటికి కలిపి నిమిషానికొకటి. వాటిని నడిపినవాడికి గోడ దూకడం కాదు కదా, కూర్చుని బీడీ తాగడం కూడా కుదరదు.

కార్ఖానాలో సాంచాలు ఎనిమిది. నేను నాలుగే లెక్కపెట్టాను. మిగతా నాలుగింటి కొలత కూడా నా చేత్తోనే రాశాను, కాని అది ఇంకొకరి పేరు కింది బట్ట కాబట్టి అతని లెక్కలో కలపలేదు. ఎవరి సాంచా బట్ట వారి పేరునే రాయాలి, ఎవరు నడిపినా సరే. మాకు కూలి అలాగే కట్టేవారు. ఆ అలవాటును నేను కేసులోకి తీసుకుపోయాను.

సీఐ సాబ్ నన్ను ఒకటే అడిగాడు. “నువ్వు ఎస్సైకి చెప్పింది లెక్కనా, గవాహీనా?”

సాక్ష్యం కాదు, లెక్కే అన్నాను.

“సాంచాలు ఆగినయి అన్నదాంక లెక్క. వాడు ఆడ లేడు అన్నది గవాహీ. నువ్వు చూసినవా వాడు లేంది?”

చూడలేదు. నేను ఆ వేళ ముందు గదిలో బట్ట మడత పెడుతున్నాను. ఎస్సై అడిగినప్పుడు సాంచాలు రెండున్నర గంటలు ఆగాయి అని ఊరుకోవలసినవాణ్ని, మనిషి రెండున్నర గంటలు లేడు అన్నాను. వేసిన లెక్కలో ఈనాటికీ తప్పు లేదు. నలభై రెండు నలభై రెండే, రెండున్నర రెండున్నరే. తప్పు దాని పక్కన నేను కలిపిన ఒక్క మాటలో ఉంది.

ఆదివారం పొద్దున బస్సుకు వస్తావా అని దాదాను అడిగాను. ఆయన వెంటనే రాననలేదు, వస్తాననలేదు. ఏడుగురిని రెండు గంటలకు పైగా కూర్చోబెట్టి రిజిస్టరులో రాయకపోవడం ఇన్నేళ్ల తర్వాత పదిమందిలో చెప్పుకోవాలి. పింఛను తీసుకునే మనిషి. రెండు రోజులు గ్రౌండుకు రాలేదు. శనివారం వచ్చి, బస్సు ఎన్నింటికి అని మాత్రం అడిగాడు.

నా పాత కొలతల నోట్‌బుక్కులన్నీ ఇంట్లో ఉన్నాయి. అప్పట్లో పోలీసులు ఆ పేజీ నకలు రాసుకుపోయారు తప్ప నోట్‌బుక్కు తీసుకుపోలేదు. వెతికి తీశాను. అతని పేరు కింద నలభై రెండు, పక్కవాడి పేరు కింద డెబ్బై ఒకటి.

ఊళ్లో దిగగానే ముందు అతని ఇంటికే పోయాం. గుడికి నాలుగిళ్ల అవతల ఒక గది. గడప లోపల కూర్చుని కండెలు చుడుతున్నాడు. నన్ను గుర్తుపట్టాడు, కూర్చోమనలేదు. అన్నా అని పిలిచి, నిలబడే చెప్పాను. సాంచాలు ఆగిన సంగతి, పత్తాలాట సంగతి, నేను కలిపిన మాట సంగతి, మొన్న ఫోనులో అన్న మాట కూడా. పక్కవాడు భివండిలోనే ఆరేళ్ల కింద చనిపోయాడని నాకు అప్పుడే తెలిసింది. అతనే చెప్పాడు. అక్కడ కూడా ఇద్దరూ ఒకే గల్లీలో ఉన్నారట. ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదట.

దాదా తన తప్పు తాను చెప్పుకున్నాడు. అతను చేతిలో పని ఆపకుండా అంతా విన్నాడు.

“నాకు చెప్పుడు దేనికి? నేను ఆడ ఉన్న సంగతి నాకు ఎరుకనే గద. ఎరుక లేనోళ్లు గుడికాడ కూసున్నరు, ఆడికి పోయి చెప్పు. అప్పుడు ఎంత గట్టిగ చెప్పినవో గంతే గట్టిగ చెప్పాలె.”

కమిటీలో పదకొండు మంది. హాలు వరండాలో చాప మీద కూర్చున్నారు. అతను వచ్చి వెనక స్తంభం దగ్గర నిలబడ్డాడు. అధ్యక్షుడు డెబ్బై దాటిన మనిషి, చేతిమగ్గం నుంచి సాంచా దాకా అన్నీ నడిపినవాడు. దాదా ముందు మాట్లాడాడు. పోలీసు మనిషి కావడం వల్ల అందరూ విన్నారు. కాని రాయని రిజిస్టరు, చచ్చిపోయిన సాక్షి అనగానే ఒకాయన గొణిగాడు.

“ఇరవై ఏడేండ్ల ముచ్చటకు ఇప్పుడు ఆరు వేళ్లు గుర్తుకొచ్చినయా సారు? ఇంతమందిల ఎవ్వడు నమ్మాలె?”

అప్పుడు నేను లేచాను. గొంతు తగ్గించలేదు. లెక్క చెప్పేటప్పుడు నాకు భయం ఉండదు, ఇరవై రెండేళ్లప్పుడూ లేదు. ఆరు గంటల కరెంటు నుంచి మొదలుపెట్టి, గంటకు మూడు మీటర్లు, సాంచాకు పద్దెనిమిది, నాలుగింటికి డెబ్బై రెండు అని ఒక్కొక్కటే చెప్పాను. వాళ్లంతా సాంచాల మనుషులే కాబట్టి ప్రతి అంకెకూ తలలు ఊగాయి. ఇతని కింద నలభై రెండు, రెండున్నర గంటలు ఆగాయి. పక్కవాడి కింద డెబ్బై ఒకటి, అంటే ఒక్క మీటరు తక్కువగా దాదాపు నిండు బట్ట, పక్కవాడు స్టేషనులో కూర్చుని ఉండగా. నోట్‌బుక్కు తెరిచి చాప మీద పెట్టాను. ఆనాడు మనిషి లేడు అన్న మాట నేను చూడకుండా అన్నాను, అది నా తప్పు, మొన్న ఫోనులో అన్నదీ నా తప్పే అని ముగించాను.

కూర్చోబోతుంటే వెనక నుంచి అతని గొంతు వినపడింది.

“గా ఒక్క మీటరు ఎందుకు తక్కువైందో అడగవా?”

ఒక మీటరును నేను లెక్కలో తేడాగా వదిలేశాను. డెబ్బై రెండులో ఒకటి ఎవరైనా వదిలేస్తారు. అడగలేదు, ఎందుకు అన్నాను.

“వాని రెండో సాంచకు బెల్టు తెగింది. కరెంటు పొయ్యే ముంగట. నేనే అతికిన. ఇరవై నిమిషాలు పట్టింది. వాడు వచ్చినంక చెప్పిన, కొత్త బెల్టు ఏయించుకో అని.”

గంటకు మూడు మీటర్లయితే ఒక మీటరుకు ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, నాకే తట్టలేదు. నోట్‌బుక్కులో పక్కవాడి పేరు కింద నాలుగు సాంచాలకు విడివిడిగా నా రాత ఉంది: పద్దెనిమిది, పదిహేడు, పద్దెనిమిది, పద్దెనిమిది. రెండోదే పదిహేడు.

అధ్యక్షుడు నోట్‌బుక్కు దగ్గరికి జరుపుకుని ఆ వరస మీద వేలు పెట్టి చదివాడు. పక్కాయనకు ఇచ్చాడు. ఆయన ఇంకొకాయనకు ఇచ్చాడు. గొణిగిన మనిషి దగ్గరికి వచ్చాక కొంచెం ఎక్కువసేపు ఆగింది. దాదాను నమ్మాలా, నన్ను నమ్మాలా అన్న మాట అక్కడ మళ్లీ ఎవరూ ఎత్తలేదు. బెల్టు తెగితే చూసేవాడు సాంచా ముందు నిలబడ్డవాడొక్కడే. అది అక్కడున్న పదకొండు మందికీ నాకంటే బాగా తెలుసు.

“జైలుకు తోలేటప్పుడు గీ బెల్టు ముచ్చట చెప్పలేదారా?” అధ్యక్షుడు అడిగాడు.

“చెప్పిన. బెల్టుకు సాక్షి ఎవ్వడన్నరు.”

ఆ సొమ్ము ఎవరు తీశారో నాకు ఈనాటికీ తెలియదు. దాదాకూ తెలియదు. సీఐ సాబ్ అప్పుడప్పుడు ఊహలు చెప్తుంటాడు. నేను వినను.

అధ్యక్షుడు తాళాల గుత్తి తెప్పించి అతని వైపు చాపాడు. అతను స్తంభం దగ్గర నుంచి వచ్చి, దాదాను దాటి, నన్ను దాటి, గుత్తి తీసుకున్నాడు. ఒక్కొక్క తాళంచెవీ ఏ తలుపుదో అడిగి తెలుసుకున్నాడు. నా వైపు చూడలేదు. చూడాలని నేను అనుకోవడానికి నాకు హక్కు లేదు.

“బోరు మోటరు నేనే ఎయ్యాల్నా, వేరే మనిషున్నడా?” అని అధ్యక్షుణ్ని అడుగుతూ గది చూడడానికి హాలు వెనక్కి నడిచాడు.